పాత పికప్పు, కింద చుక్క పడని కూలెంట్ లీకు

"కూలెంట్ తగ్గిపోతా ఉంది, కింద మాత్రం చుక్క కనపడట్లేదు" అని బెంగళూరులో ఏ షెడ్డుకెళ్ళి చెప్పినా బానెట్ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది. ఒకాయన హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలు) పోయింది సార్, ఇంజన్ దించాల్సిందే అన్నాడు. ఇంకొకాయన రేడియేటర్ పాతదైపోయింది, కొత్తది వేసేద్దాం అన్నాడు. రింగ్ రోడ్డు పక్కన ఒక పెద్దమనిషైతే బానెట్ మీద చెయ్యేసి ఎంతో ప్రేమగా "పాత బండి కదన్నా, కొంచెం తాగుద్ది, పోస్తా ఉండండి" అన్నాడు.

బండి నీళ్ళు తాగదండీ. డీజిల్ తాగుద్ది, ముసలిదైతే ఇంజన్ ఆయిల్ కూడా కాస్త తాగుద్ది, కానీ కూలెంట్ అనేది ఇంజన్‌ని చల్లబరచడానికి మూసేసిన సర్క్యూట్లో తిరిగే సరుకు, అది వారం వారం తగ్గుతోందంటే బయటికన్నా పోతా ఉండాలి లేదా ఇంజన్ లోపలికన్నా పోతా ఉండాలి, మూడో దారి లేదు. ఎటు పోతోందో తేలేదాకా ఎవరినీ పానా పట్టనివ్వకూడదని నా పట్టుదల. ఈ పోస్టు అంతా ఆ పట్టుదల గురించే, కాబట్టి ఓపిక ఉన్నోళ్ళు చదవండి, లేనోళ్ళు కిందికెళ్ళి ప్రెజర్ టెస్టర్ ముక్క ఒక్కటి చదువుకున్నా చాలు.

బండి సంగతి ముందు. డబుల్ క్యాబిన్ డీజిల్ పికప్, బావా నేనూ క్యాటరింగ్ కోసం సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. వెనకాల గుండిగలు, గ్యాస్ బండలు, పొయ్యిలు, లోపల వంటోళ్ళు. కేఆర్ పురం, హోస్కోటె వైపు తెలుగోళ్ళ పెళ్ళిళ్ళు ఎక్కువ, అప్పుడప్పుడూ కోలారు, ముళబాగిలు దాటి పలమనేరు, చిత్తూరు దాకా కూడా పోతాం. అంటే ఖాళీగా తిరిగే బండి కాదు, బరువుతో ఘాటు ఎక్కే బండి. కూలెంట్ లీకు అనేది ఇలాంటి బండికి వస్తే ముహూర్తం టైంకి సాంబారు అందదు, అంత సీరియస్ మ్యాటరు.

అసలు ఆ చిన్న లీకుకి ఎందుకింత భయపడాలంటే, బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ మామూలు నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఇంజన్లో కూలెంట్ వేడి మామూలుగా ఉండేదే 85, 95 మధ్య. అంటే అంచు మీద నడక. అందుకే రేడియేటర్ మూతకి స్ప్రింగు పెట్టి లోపల ప్రెజర్ నిలబెడతారు. మీ మూత మీద చూడండి, 0.9 అనో 1.1 అనో ఉంటుంది. 0.9 అంటే దాదాపు 13 పీఎస్ఐ, ఆ ప్రెజర్ లోపల నిలబడితే ఉత్త నీళ్ళు కూడా 115 దాటేదాకా మరగవు, కూలెంట్ కలిపితే ఇంకా పైకి పోతుంది. ఇప్పుడు ఎక్కడో సూదిబెజ్జం పడిందనుకోండి, పోయేది నీళ్ళు ఒక్కటే కాదు, ఆ ప్రెజర్ కూడా పోతుంది, ట్యాంకులో నీళ్ళు ఇంకా ఉండగానే మరగడం మొదలైపోతుంది. సగం లీటరే కదా తగ్గింది అని తేలిగ్గా తీసుకోకూడదు అనేది అందుకే.

పోనీ మీటర్ ముల్లుని నమ్ముకుందామా అంటే అదో మాయ. సెన్సారు కూలెంట్లో మునిగి ఉంటేనే నిజం చెప్తుంది, లెవెల్ బాగా పడిపోయి దాని చుట్టూ గాలి చేరితే ముల్లు మధ్యలోనే హాయిగా కూర్చుంటుంది, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది, లోపల మాత్రం ఇంజన్ ఉడికిపోతా ఉంటుంది. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూడటమే అసలైన మీటరు. చల్లగా ఉన్నప్పుడే, గుర్తు పెట్టుకోండి. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పితే లోపల ప్రెజర్ ఒక్కసారి పోయి ఆ నీళ్ళంతా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. మా హెల్పర్ కుర్రాడు గుడ్డ పట్టుకుని మూత దగ్గరికి పోతుంటే కేకేసి ఆపాల్సి వచ్చింది, గుడ్డ ఉంటే సరిపోదురా నాయనా, అరగంట ఆగాలి, పై హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా దిగిందా లేదా చూసుకోవాలి.

సరే, వెతుకులాట. ముందు చిన్నవి తీసేసుకుంటా వచ్చాం. ఏసీ వేసుకుని తిరిగితే క్లీనర్ సైడ్ కింద కారే నీళ్ళు ఏసీవే, వేలికి జిడ్డు తగలదు, రంగుండదు, వాటిని చూసి కంగారు పడి షెడ్డుకి పరిగెత్తేవాళ్ళు చానామంది. రాత్రి పార్కింగ్‌లో బండి కింద ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి పరిచాం, తెల్లారి చూస్తే ఆయిల్ చుక్కలు ఒకటీ అరా (పాత డీజిల్, దాన్ని అదీ అడగకూడదు), ఆకుపచ్చ చుక్క ఒక్కటి కూడా లేదు. మూత రబ్బరు చూశాం, పగలలేదు. మూతలో రెండు వాల్వులు ఉంటాయి, ఒకటి ప్రెజర్ ఎక్కువైతే స్పేర్ బాటిల్లోకి వదిలేది, మధ్యలో ఉండే చిన్నది చల్లారాక బాటిల్లోంచి వెనక్కి లాక్కునేది. ఆ చిన్నది పట్టేస్తే బండి చల్లారాక పై హోస్ పైపు లోపలికి నొక్కుకుపోయి కనపడుతుంది, బాటిల్ నిండుగా ఉన్నా రేడియేటర్ ఖాళీ అవుతుంది. లీకు లేకుండానే లీకు ఉందని భ్రమ పుట్టించే కేసు ఇది, మూత మారిస్తే పోతుంది. మాది అది కూడా కాదు.

తర్వాత ఆ హెడ్ గ్యాస్కెట్ భయం. దీనికి ఇంజన్ దించక్కర్లేదు, ముందు ఉత్త కళ్ళతో చూసేవి చాలా ఉన్నాయి. డిప్ స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉందా? ఆయిల్ పోసే మూత కింద కాస్త తెల్లటి నురగ ఉంటే వెంటనే గుండెలు బాదుకోకండి, చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండిలో చెమ్మకి కూడా అలా అవుతుంది, డిప్ స్టిక్‌దే నమ్మండి. ఇంజన్ వేడెక్కాక కూడా వెనక తెల్ల పొగ ఆగకుండా వస్తోందా? పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి ఒకట్రెండు నిమిషాల్లోనే పై హోస్ పైపు రాయిలా గట్టిపడిందా? నీళ్ళు ఇంకా వేడే ఎక్కలేదు, అప్పుడే అంత ప్రెజర్ ఎక్కడిది, సిలిండర్ లోంచి గ్యాసు వస్తేనే వస్తుంది. మూత తీసి రేడియేటర్ నిండా పోసి స్టార్ట్ చేస్తే మొదట్లో ఇరుక్కున్న గాలి కాసిని బుడగలుగా వస్తుంది, అది ఆగిపోవాలి, ఆగకుండా వస్తూనే ఉంటే అప్పుడు గ్యాస్కెట్ గురించి మాట్లాడుకోవాలి. ఇంకొకటి, ఈజీఆర్ కూలర్ (ఇంజన్ పొగలో కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపేముందు దాన్ని చల్లబరిచేది) ఉన్న డీజిల్ బండ్లలో ఆ కూలర్ లోపల పగిలినా కూలెంట్ ఇంజన్లోకి పోయి కాలిపోతుంది, బయట చుక్క ఉండదు, తెల్ల పొగా ఉంటుంది, జనం గ్యాస్కెట్ అనుకుని హెడ్ విప్పేస్తారు. మా బండిలో ఈ లక్షణాలు ఒక్కటీ లేవు. అంటే పోయేది బయటికే. మరి కింద చుక్క ఏదీ?

మాకు దారి చూపించింది మా వంటాయన ముక్కు. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నప్పుడల్లా ఆయన వెనక సీట్లోంచి "అన్నా, ఎవరో బెల్లం పాకం మాడబెడతా ఉండారు" అనేవాడు. నలభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ మనిషి, పాకం వాసన విషయంలో ఆయన్ని కాదనేంత సీను మాకు లేదు, కానీ సిల్క్ బోర్డు దగ్గర పాకం ఎవరు పడతారు? కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ కాలితే వచ్చేది ఆ తియ్యటి మాడు వాసనే. బండి పరిగెత్తేటప్పుడు గాలికి పోతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే క్యాబిన్లోకి వస్తుంది.

ఇంకో ఆధారం మొగిలి ఘాటులో దొరికింది. చిత్తూరులో పెళ్ళి వంట చేసుకుని గిన్నెలతో వెనక్కి వస్తా ఉన్నాం, బంగారుపాళ్యం దాటి ఘాటు ఎక్కేటప్పుడు ముల్లు పైకి లేచింది. ఏసీ ఆపి హీటర్ ఫుల్‌గా వేశా, మే నెలలో. వంటోళ్ళు నన్ను ఎట్లా చూశారో చెప్పలేను. కానీ హీటర్ అంటే క్యాబిన్లో ఉండే బుల్లి రేడియేటరే, అది వేస్తే ఇంజన్ వేడి కొంత అటు పోతుంది, ముల్లు నిజంగానే కాస్త దిగింది. అయితే హీటర్ వేసిన కాసేపటికే పాకం వాసన గుప్పుమంది. బండి పక్కకి తీసి ఆపాం. బావ వెంటనే వంట సామాన్ల పెట్టె వైపు చూసి "బావమరిదీ, పసుపు వేసేద్దామా" అన్నాడు. లారీ డ్రైవర్ల చిట్కా అది, రేడియేటర్లో గుప్పెడు పసుపు వేస్తే చిన్న చిల్లి పూడుకుంటుందని. పెళ్ళి వంట బండిలో పసుపుకు కొదవేముంది, అర కేజీ ప్యాకెట్లు వరసగా ఉన్నాయి.

"వద్దు బావా, అది చిల్లినే కాదు, సన్న గొట్టాలన్నిటినీ పూడుస్తుంది" అని ఆపేశా. పసుపైనా, షాపుల్లో అమ్మే స్టాప్ లీక్ పౌడరైనా పని చేసే పద్ధతి ఒకటే, ఎక్కడ సందు సన్నగా ఉంటే అక్కడ పోయి కూర్చుంటుంది. దానికి చిల్లి ఏదో రేడియేటర్ ట్యూబు ఏదో తెలీదు కదా. నిర్మానుష్యమైన చోట వేరే దిక్కు లేకపోతే వేసుకోండి, నేను తప్పనను, తర్వాత మొత్తం ఫ్లష్ చేయించుకోవాలి అంతే. మేం అరగంట పైన ఆగి, బాగా చల్లారాక క్యాన్లో నీళ్ళు మెల్లగా పోసుకుని, నిదానంగా పలమనేరు చేరాం. వేడి ఇంజన్లో చన్నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరిస్తే హెడ్ పగిలే ప్రమాదం ఉంది, అందుకే ఆ ఆగడం.

బెంగళూరు వచ్చాక హూడి దగ్గర ఒక భాయ్ షెడ్డుకి తీసుకెళ్ళా. ముళబాగిలు మనిషి, తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడతాడు. చెప్పిందంతా విని ఆయన తీర్పేమీ చెప్పలేదు, అక్కడే నచ్చేశాడు. "ముందు కడుగుదాం అన్నా, మురికిలో ఏం కనపడుతుంది" అని ఇంజన్ తుడిపించి, గాలి కొట్టి ఆరబెట్టి, ప్రెజర్ టెస్టర్ తెచ్చాడు. చేత్తో కొట్టే చిన్న పంపు, పైన గడియారం లాంటి మీటరు, కింద రేడియేటర్ మూత బదులు బిగించే మూత, అంతే సామాను. ఇంజన్ ఆఫ్‌లో, చల్లగా ఉన్నప్పుడు దాన్ని బిగించి మూత మీద రాసి ఉన్న ప్రెజర్ దాకా కొట్టాలి. అంతకు మించి కొడితే బాగున్న పైపులు కూడా పోతాయి. కొట్టాక ముల్లుని చూస్తా కూర్చోవాలి, లీకు లేని సిస్టం అయితే ముల్లు కదలదు. దీని గొప్పతనం ఏంటంటే ఇంజన్ వేడిగా పరిగెత్తేటప్పుడు లోపల ఎంత ప్రెజర్ ఉంటుందో అంత ప్రెజర్ చల్లటి ఇంజన్లో తెప్పిస్తుంది, ఫ్యాన్ తిరగదు, సైలెన్సర్ పైపు కాలదు, చుక్క పడితే పడిన చోటే ఉంటుంది, ఆవిరై పోదు.

మా ముల్లు 13 దగ్గర నిలబడి, కాసేపు బుద్ధిగా ఉండి, నెమ్మదిగా 11కి, 10కి జారింది. భాయ్ కింద దూరి టార్చి వేశాడు. గేర్ బాక్సు ఇంజన్‌కి కలిసే చోట తడి. ఇక్కడ తొందరపడేవాడైతే గేర్ బాక్సు దించేవాడే. భాయ్ మాత్రం వేలితో ఆ తడిని అద్దుకుని, పైకి చూసి, "నీళ్ళు పైకి ఎక్కవు కదా" అని లేచి వచ్చాడు. నా ఫోన్ తీసుకుని వీడియో ఆన్ చేసి, లైటు వేసి, ఇంజన్ వెనకాల చెయ్యి పట్టని సందులోకి దింపి మెల్లగా తిప్పాడు. ఆ వీడియో ఇప్పటికీ దాచుకున్నా. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు దగ్గర, హీటర్‌కి పోయే ఇనప పైపు మీద హోస్ పైపు ఎక్కించి క్లాంపు బిగించిన చోట, క్లాంపు అంచు చుట్టూ తెల్లగా, ఆకుపచ్చగా ఉప్పు పేరుకున్నట్టు పొర. ఆ పొర మధ్యలోంచి ఒక చుక్క పుడుతోంది, ఉబ్బుతోంది, పైపు వెంబడి ఒక జానెడు పాకి, అక్కడ్నుంచి గేర్ బాక్సు కప్పు మీదికి జారుతోంది. ఆ కప్పు పక్కనే సైలెన్సర్ పైపు.

అంతా అక్కడే తేలిపోయింది. బండి నడిచేటప్పుడు ప్రెజర్ ఉంటుంది, చుక్క వస్తుంది, కాలే సైలెన్సర్ మీద పడి ఆవిరవుతుంది, పాకం వాసన అదే. బండి ఆపి చల్లారితే ప్రెజర్ ఉండదు, చుక్క ఆగిపోతుంది, అట్ట మీద ఏమీ పడదు. హీటర్ బ్లోయర్ వేస్తే ఆ రేకు దగ్గరి గాలినే లోపలికి లాగుతుంది, అందుకే ఘాటులో గుప్పుమంది. అదే హీటర్ లోపలి రేడియేటరే పగిలి ఉంటే క్లీనర్ సైడ్ కాళ్ళ కింద కార్పెట్ తడిసేది, ముందు అద్దం లోపలివైపు జిడ్డు ఆవిరి పట్టేది, మాకు రెండూ లేవు. దీనికి వ్యతిరేకంగా చల్లగా ఉన్నప్పుడే కారి వేడెక్కితే ఆగిపోయే లీకులు కూడా ఉంటాయని భాయ్ చెప్పాడు, రబ్బరు చలికి బిగుసుకుని క్లాంపు వదులైతే అట్లా అవుతుందట, డిసెంబర్ పొద్దుల్లో ఆయన దగ్గరికి అలాంటివి ఎక్కువ వస్తాయట.

హోస్ పైపు లాగితే కింద ఇనప పైపు తుప్పుకి పలచబడి, క్లాంపు కూర్చున్న చోటే జల్లెడయింది. కారణం వెతకడానికి పెద్ద తెలివేం అక్కర్లా, రేడియేటర్లోంచి వచ్చిన నీళ్ళు చూస్తే చాలు, ఎర్రమట్టి రంగు. మాకంటే ముందు ఎవరో ఏళ్ళ తరబడి ఉత్త బోరు నీళ్ళు పోశారు. బెంగళూరు బోరు నీళ్ళ సంగతి మీకు తెలుసు, బాత్రూం కుళాయి మీద తెల్ల గార చూసిన ప్రతివాడికీ తెలుసు, అదే గార రేడియేటర్ ట్యూబుల్లోనూ పడుతుంది. కూలెంట్ అంటే చలికి గడ్డకట్టకుండా ఉండటానికే కదా, మనకెందుకు అంటారు. మనకి కావల్సింది అందులో ఉండే తుప్పు పట్టనివ్వని మందు. పైగా థర్మోస్టాట్ కూడా పీకేసి ఉంది, వేడెక్కుతుందని ఎవరో తీసి పారేశారు. అది 82 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకునే వాల్వు, దాన్ని తీసేస్తే మామూలు రోజుల్లో ఇంజన్ వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుద్ది, అసలు జబ్బు మాత్రం అట్లనే ఉంటుంది.

పైపు, రెండు హీటర్ హోసులు, కొత్త క్లాంపులు, థర్మోస్టాట్ అన్నీ స్పేర్ పార్టుల షాపులుండే జేసీ రోడ్డులో దొరికినాయి. పాత పైపు చేత్తో పట్టుకుని పోండి, బండి పేరు, మోడల్ చెప్తే ఇచ్చేది ఒకటి, మనకి కావల్సింది ఒకటి అవుద్ది, వంపు పక్కన పెట్టి చూసుకోవాలి. సిస్టం మొత్తం నీళ్ళు తేటగా వచ్చేదాకా ఫ్లష్ చేసి, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోశాం. డబ్బా మీద చదవండి, కొన్ని ఆల్రెడీ కలిపినవే వస్తాయి, వాటికి మళ్ళీ నీళ్ళు కలిపితే పలచనైపోద్ది. రంగు చూసి రకం అనుకోవద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది, పాతదాంట్లో వేరే రకం కలపకపోవడమే మంచిది. పోసేటప్పుడు బండి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద పెట్టి, హీటర్ ఫుల్‌లో ఉంచి, మూత తీసి నడపనిచ్చి, హోసులు నొక్కుతా గాలంతా బయటికి తెప్పించాం, గాలి లోపల ఇరుక్కుంటే కొత్త సామాన్లు వేసి కూడా వేడెక్కుతుంది, అప్పుడు మళ్ళీ గ్యాస్కెట్ పాట మొదలు.

తీసిన పాత కూలెంట్‌ని కాలవలో పొయ్యబోతే భాయే ఆపాడు. తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకుతాయి, కొంచెం తాగినా కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. క్యాన్లో పట్టి మూత బిగించి, ఆయన పాత ఇంజన్ ఆయిల్ తీసుకెళ్ళేవాళ్ళకి విడిగా ఇస్తానన్నాడు.

మళ్ళీ టెస్టర్ బిగించి కొట్టాం, టీ తాగొచ్చేసరికి కూడా ముల్లు 13 మీదే ఉంది. అయితే ఇంజన్ కడిగినప్పుడు వాటర్ బాడీ (అంటే కూలెంట్‌ని తిప్పే వాటర్ పంపు) కింద ఉండే చిన్న బెజ్జం దగ్గర ఒక పచ్చ మరక కనపడింది. పంపు లోపలి సీలు అరిగితే నీళ్ళు ఆ బెజ్జంలోంచే బయటికి వస్తాయి, అందుకే పెట్టింది అది, ఎంసీల్ పెట్టి మూసేసే మహానుభావులు కూడా ఉన్నారు. పంపు కూడా ఇప్పుడే మార్చేద్దామా అని బావ అడిగితే, భాయ్ ఇంజన్ ఆఫ్‌లో, పంపుకే బిగించి ఉండే ఫ్యాన్ రెక్క పట్టుకుని అటూ ఇటూ ఊపి చూసి, "ప్లే లేదు, మరక కూడా ఎండిపోయి ఉంది, సిస్టంలో ప్రెజర్ ఉన్నా తడవలేదు చూడు" అని ఆ మరకని గుడ్డతో తుడిచేశాడు. వచ్చే నెల బెల్టు మార్చడానికి తెచ్చినప్పుడు అక్కడ మళ్ళీ పచ్చ కనపడితే మారుస్తాం, లేకపోతే లేదు.